అన్నయ్య మాట అన్నయ్యనే చెప్పనీ

బుజ్జీ,

వదిన పోయిన నాలుగు నెలలకి మా అన్నయ్యని నరసన్నపేట నుంచి విశాఖలో నీ ఎంవీపీ కాలనీ ఫ్లాటుకి తెచ్చుకుంటున్నావని తమ్ముడు చెప్పాడు. కడుపు నిండిపోయిందే తల్లీ. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బాత్రూములో పట్టుకోడానికి కడ్డీ వేయించు. రక్తపరీక్షలో థైరాయిడ్, బీ12 చూపించు. చెవులూ చూపించు, డిమెన్షియాకి, అదే మతిమరుపు జబ్బుకి, దారితీసేవాటిలో మనం సరిచేసుకోగలవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది, అందులో వినికిడి లోపం ఒకటి, దిగులు జబ్బు ఒకటి.

ఆ దిగులు దగ్గరే నేను మోసపోయాను. షిప్‌యార్డులో రిటైరయ్యాక మీ మావయ్య మాట తగ్గించేశారు. పాల లెక్క డైరీలో ముత్యాల్లా రాసేవారా, ఆ ఏడు దసరా దాటాక పేజీలన్నీ ఖాళీ. వయసు మీద పడింది పాపం అనుకుని పెన్ను నేనందుకున్నాను. తరవాత బ్యాంకు పని, ఆ తరవాత రైతుబజారు సంచీ. డాక్టరు దగ్గరా అంతే, ఆయన్నడిగిన ప్రతిదానికీ నేనే జవాబు. "నిద్ర పడుతోందా?" "బాగానే పడుకుంటారండీ." తెల్లారగట్ల మూడింటికి లేచి గోడకేసి చూస్తూ కూచునేవారని నాకు తెలిసి కూడా! వయసేలెమ్మన్నాడు ఆ డాక్టరు. రెండేళ్ళు పోయాయి.

చివరికి ఒక మానసిక వైద్యురాలు నన్ను బయట కూచోమంది. తారీఖు అడిగితే ఆలోచించకుండానే "తెలీదు" అన్నారట. మతిమరుపు జబ్బయితే చాలామంది ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుకుంటారట. దిగులైతే ఇలా చేతులెత్తేస్తారట. అన్నిసార్లూ అంత తేలిగ్గా తెలీదని కూడా చెప్పింది. మాత్రలు మొదలుపెట్టిన ఆరో వారంలో ఓ పొద్దున్న, "నిన్న ఒక ప్యాకెట్టు తక్కువేశాడే" అన్నారు. నేను వంటింట్లో కూలబడి ఏడ్చాను.

మూడేళ్ళకి మతిమరుపు నిజంగానే వచ్చింది. ముసలితనంలో మొదలైన దిగులు ఒక్కోసారి దానికి ముందు గుర్తట. అందుకే అన్నయ్య తేరుకున్నా చూపించడం మానకు. వారానికే గుణం కనపడలేదని మాత్రలు ఆపనివ్వకు. "నేనెందుకింకా" అన్నాడంటే మాత్రం వదినని తలుచుకుని అన్నాడులే అని ఊరుకోవద్దు, ఆ రోజే టెలీ మానస్ అని మనసు బాధలకి సర్కారు వారి ఫోను సాయం ఉంది, 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. నాకున్న భయమల్లా అదే.

పొద్దున్నే బళ్ళని రానివ్వని వేళకి బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళు. ఎవరైనా పలకరిస్తే జవాబు ఆయన్నే చెప్పనీ, ఎంతసేపు పట్టినా సరే.

ఆదివారం నేనొస్తున్నాను. పనసకాయ తెచ్చి ఉంచు. కొట్టడం అన్నయ్యకి వదిలెయ్యి, ఆయన చేతివాటం నీకు రాదు.

మీ అత్త