గ్యారేజీ పైన గది: ఉన్ని ఉన్నా వదలని చలి

ప్రశ్న: మా పిల్లల పడకగది గ్యారేజీ పైన ఉంది. గ్యారేజీలో హీటరు లేదు. చలికాలంలో ఇల్లంతా వెచ్చగా ఉన్నా ఆ గదిలో నేల మీద కాలు పెట్టలేము. తివాచీ పరిచినా లాభం లేదు. గ్యారేజీ కప్పుకు కొట్టిన జిప్సం బోర్డులో ఒక ముక్క తీసి చూస్తే లోపల గ్లాస్‌వూల్ (చలిని ఆపే గాజు ఉన్ని) నిండుగానే కనిపించింది. ఇంకో పొర వేయిస్తే సరిపోతుందా?

జవాబు: డబ్బు ఖర్చు పెట్టే ముందు, ఆ ముక్క తీసినచోట ఉన్నిని పక్కకు జరిపి చెయ్యి పైకి పెట్టండి. ఉన్నికీ, గది నేల చెక్కకూ మధ్య వేళ్లు దూరుతున్నాయా? అయితే లోపం అక్కడే. ఉన్ని కిందికి జారి బోర్డు మీద పడుకుంది. దూలాల చివర, బయటి గోడ దగ్గరున్న సందుల్లోంచి వచ్చే చలిగాలి ఉన్ని మీదుగా, నేలకు ఆనుకుని పారుతోంది. కింద ఇంకెన్ని పొరలు వేసినా ఆ గాలికి అడ్డేముంది?

కాబట్టి ముందు సందులు మూయించండి. దూలాల చివర అంచు చెక్క చుట్టూ, పైపులు, వైర్లు దూరే రంధ్రాల్లో ఫోమ్ లేదా సీలెంట్ నింపాలి. దూలాలు ఇంటి లోపలి భాగంలోకి సాగి ఉంటే ఆ హద్దు దగ్గర కూడా అడ్డుపలకలు పెట్టాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు. గాలి ఎటునుంచి వస్తోందో తెలియకపోతే, ఈదురుగాలి వీచే రోజున పై గదిలో గోడ అడుగున అగరుబత్తి పట్టుకోండి, పొగ వంగుతుంది. గ్యారేజీలో మాత్రం వెలిగించవద్దు, పెట్రోలు ఆవిరి ఉండవచ్చు.

అసలు ఈ పని వెచ్చదనం కోసమే కాదు. కారు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ పిల్లల గదిలోకి ఎక్కేదీ ఈ సందుల్లోంచే.

ఆ తర్వాతే ఉన్ని సంగతి. బోర్డు విప్పితే ఉన్నిని నేల చెక్కకు ఆనించి, జారకుండా తీగలతో బిగించాలి. బోర్డు గట్టిగా ఉంటే విప్పించకపోవడమే మేలంటాను. రంధ్రాలు చేసి సెల్యులోజ్‌ను (కాగితపు పీచును) ఒత్తిడితో దట్టంగా నింపిస్తే ఖాళీ మిగలదు. నీటి పైపులుంటే ఉన్ని వాటి కింది వైపున ఉండాలి. పైన వేస్తే పైపు చలి వైపున పడి గడ్డకడుతుంది.

విప్పిన బోర్డును తిరిగి బిగించి, అతుకులు పూడ్పించండి. మంటలు పైకి పాకకుండా ఆపేది అదే. ఫోమ్‌ను బయటికి కనిపించేలా వదిలేస్తామంటే ఒప్పుకోకండి, అది మండుతుంది.