మూలమెక్కడ?

సందేహం: ‘శాసనసభ్యుడు ఎక్స్‌లో సంచలన వ్యాఖ్యలు చేశారు’ అని రోజూ చదువుతున్నాం. వ్యాఖ్య అంటే కావ్యానికి రాసే అర్థవివరణ కదా? రాజకీయ విమర్శకు ఆ మాట చెల్లుతుందా? – ఒక పాఠకురాలు

సమాధానం: ఈ మాట గురించి రాయాలని ఎన్నాళ్లుగానో ఉంది. ‘ఖ్యా’ ధాతువుకు చెప్పడమని అర్థం. ఆఖ్యానంలో కథ చెబుతాం. దాని ముందు ‘వి’ చేరితే ముడి విప్పి చెబుతాం. అంటే విప్పడానికి ముందుగా ఒక ముడి ఉండాలి.

వ్యాఖ్య అనగానే నాకు గుర్తొచ్చేది మల్లినాథసూరి. మెదకు సీమలోని కొలిచెలమ అనే ఊరి పేరే ఆయన ఇంటిపేరు. కాళిదాస కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష అనే వ్యాఖ్యలు రాసిన మహానుభావుడు. ‘నామూలం లిఖ్యతే కించిత్ నానపేక్షితముచ్యతే’ అని ముందే మాట ఇచ్చాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. ఆయనదే ఇంకో మాట: ‘భారతీ కాళిదాసస్య దుర్వ్యాఖ్యావిషమూర్ఛితా’. చెడ్డ వ్యాఖ్యలనే విషం తగిలి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట. దాన్ని బతికించడానికి రాసినది కాబట్టే తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. దుర్వ్యాఖ్య! ఇంత చక్కటి మాట ఉండగా మనవాళ్లు ‘అనుచిత వ్యాఖ్యలు’ అని సాగదీస్తారెందుకో.

వ్యాఖ్యానానికి పూర్వులు చెప్పిన లక్షణాలు అయిదు: పదాలు విడదీయడం, అర్థం చెప్పడం, విగ్రహవాక్యం (సమాసాన్ని విప్పి చెప్పడం), అన్వయం (మాటలను అర్థం కుదిరే వరసలో కలపడం), చివరిది ఆక్షేపానికి సమాధానం. ఈ చివరిదాన్ని గట్టిగా పట్టుకోండి. ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే జవాబు చెప్పినప్పుడే అది వ్యాఖ్యానం.

ఇప్పుడు మీ శాసనసభ్యుడి దగ్గరికి వద్దాం. ఒక బిల్లులోని ఫలానా సెక్షను ఎత్తి చూపి, దానివల్ల ఏమవుతుందో రాశారనుకోండి. అది వ్యాఖ్యే, సందేహం లేదు. ‘వాళ్లకు పాలన చేతకాదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అందులో విప్పిన ముడి ఏదీ లేదు. అది ఒట్టి మాట. ఆ పోస్టే మూలమై, దాని కింద జనం రాసేవి వ్యాఖ్యలవుతాయి. టీవీ వ్యాఖ్యాత, క్రికెట్ వ్యాఖ్యానం – వీటితో నాకు పేచీ లేదు, అక్కడ కళ్లెదుట ఒక మూలముంది.

నా బాధల్లా వేరు. అన్నారు, దెప్పారు, నిలదీశారు, ఆక్షేపించారు, ఎద్దేవా చేశారు, నిందించారు – ఇన్ని క్రియలున్న భాషలో అన్నింటినీ ‘వ్యాఖ్యలు చేశారు’ మింగేసింది. చదివేవాడికి ఆ నాయకుడు ప్రశ్న అడిగాడో తిట్టాడో తెలియదు. ఇది చిన్న విషయం కాదు. సభలో అన్న మాటకు రాజ్యాంగం 194వ అధికరణం రక్షణ ఇస్తుంది, సెల్‌ఫోన్‌లో రాసిన మాటకు ఆ రక్షణ లేదు. విమర్శించడానికీ నిందించడానికీ మధ్య ఉన్న గీతను విలేకరి చెరిపేయకూడదు.

అలాగని ‘వ్యాఖ్య’ను తప్పని కొట్టేయలేను. పత్రికల్లో పాతుకుపోయింది, ‘కామెంట్’కు ఇంతకంటె దగ్గరి మాట నాకూ దొరకలేదు. మూలం చూపించగలిగినచోట వాడండి, లేనిచోట ‘అన్నారు’ చాలు. ఇక ‘సంచలన’ అంటారా, సంచలనమంటే కదలిక. పోస్టు పెట్టిన పావుగంటకే ఎవరు కదిలారో శీర్షిక పెట్టినవారే చెప్పాలి.