ఫ్యాక్టరీ ఇల్లు కారుతోంది, పునాది మీదేనంటున్నారు

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లాలోని ఒక గ్రామం. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో, ఫ్యాక్టరీలో రెండు భాగాలుగా తయారుచేసి క్రేన్‌తో అమర్చే ఇంటిని 16 లక్షలకు కొని, 2024 ఏప్రిల్‌లో మా సొంత స్థలంలో గృహప్రవేశం చేశాం. ఆ జూలై వానలకే రెండు భాగాలు కలిసే చోట కారడం మొదలైంది. కంపెనీ మనుషులు రెండుసార్లు వచ్చి సిలికాన్ పూసి వెళ్లారు. పునాది మేము వేయించుకున్నదే కనుక తప్పు మాదేనని ఇప్పుడంటున్నారు. క్రేన్ వచ్చేముందు వారి ఇంజినీరే లెవెల్ చూసి, బాగుందని వాట్సాప్‌లో పెట్టారు. నాన్నగారు ఆ ఇంట్లో పడుకోవడం మానేశారు. అమ్మ బాధ చూడలేకపోతున్నాం. చివరి 2 లక్షలు ఇవ్వలేదు, ఎందుకో రాసి నోటీసూ పంపలేదు. రెరాలో (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ చట్టం) ఐదేళ్ల హామీ ఉందట కదా? మేస్త్రీతో జాయింటు విప్పించి బాగుచేయించుకుని, ఖర్చు కంపెనీ నుంచి రాబట్టవచ్చా? తమ్ముడు కూడా ఇలాంటి ఇల్లే కొంటానంటున్నాడు. వద్దనమంటారా?

జవాబు: మీరు రాసినదాంట్లో కేసును తేల్చే వాక్యం ఒక్కటే: క్రేన్ రాకముందు కంపెనీ ఇంజినీరు మీ పునాదిని చూసి బాగుందన్నారు. పునాది మీరు వేయించినా, దాన్ని కొలిచి, సరిపోతుందని ఒప్పుకుని దానిమీద ఇల్లు దించినవారు, కారడం మొదలయ్యాక అదే పునాదిని తప్పుపట్టడం అంత తేలిక కాదు. అందుచేత ఆ మెసేజి ఉన్న ఫోనును అమ్మకండి, చాటును చెరపకండి. దాని ప్రతిని భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కోరే ధ్రువపత్రంతో సహా సిద్ధం చేసుకోండి.

రెరా మీకు వర్తించదు. ఆ చట్టం 14వ సెక్షనులోని ఐదేళ్ల హామీ ప్రాజెక్టు వేసి ఫ్లాట్లు అమ్మే ప్రమోటరును కట్టిపడేస్తుంది కానీ, మీ స్థలంలో మీకోసం ఇల్లు అమర్చిన కంపెనీని కాదు. మీ దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. దాని 69వ సెక్షను ప్రకారం, వివాదానికి కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. కంపెనీ మొదటి కారుడు నుంచే, అంటే 2024 జూలై నుంచే లెక్కపెట్టమంటుంది. మనుషులు వచ్చి సిలికాన్ పూశారనో, ఈమెయిళ్లు నడుస్తున్నాయనో గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నా, దానిమీద ఆశ పెట్టుకోకుండా 2026 జూలై రాకముందే ఫిర్యాదు దాఖలు చేయండి.

జాయింటును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పించవద్దు. రెండు భాగాల మధ్య నీరు చొరకుండా ఉండే రబ్బరు గ్యాస్కెట్ పక్కకు జరిగిందా, చిరిగిందా, అసలు వేయనేలేదా అన్నదే మీ కేసులో అసలు సాక్ష్యం. మేస్త్రీ దాన్ని పీకి తారు షీటు అంటించిన మరుక్షణం, కారడానికి కారణం మేస్త్రీయేనని వాదించే అవకాశం కంపెనీకి మీరే ఇచ్చినట్టవుతుంది. వాన నుంచి సామాను కాపాడుకోవడానికి పైన టార్పాలిన్ కప్పి, కప్పేముందు తేదీ కనపడేలా ఫొటోలు తీయండి.

రెండేళ్ల గడువు కరిగిపోతుంటే ఒక్క రిజిస్టర్డ్ నోటీసైనా పంపకపోవడం, 2 లక్షలు ఆపి ఎందుకు ఆపారో ఒక్క ఉత్తరంలోనైనా చెప్పకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. ఒప్పందం తప్పింది మీరేనని వారు రేపు ఎదురు తిరుగుతారు. ఈ వారమే అక్నాలెడ్జ్‌మెంట్‌తో నోటీసు పంపి, లోపం సరిచేసేవరకే ఆ సొమ్ము ఆపుతున్నామని అందులో స్పష్టంగా రాయండి. మీ ఇంటి భాగాలకు ఫ్యాక్టరీలో చేసిన తనిఖీ రికార్డునూ అందులోనే అడగండి. కంపెనీ ప్రతినిధిని పిలిచి, ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల సివిల్ విభాగం నిపుణుడి ఎదుట జాయింటుమీద నీళ్లు పోయించి నివేదిక తీసుకోండి. పిలిచినా వారు రాకపోతే, పిలిచిన ఉత్తరమే మీకు పనికొస్తుంది.

చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటలేదు కనుక కేసు జిల్లా కమిషన్‌లోనే నడుస్తుంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించింది 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే ఫిర్యాదు రుసుము 400 రూపాయలు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తే తేల్చాలనేది) ఉన్నా భయపడనక్కరలేదు. అది వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డుకాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పందం నాన్నగారి పేరుమీద ఉంటే ఫిర్యాదు ఆయన పేరుమీదే వేయడం మేలు.

తమ్ముణ్ణి వద్దనకండి. స్థలంలో పునాది పడుతుండగానే ఫ్యాక్టరీలో గోడలు తయారవుతాయి, వానకు పని ఆగదు, నెలల కాలం కలిసివస్తుంది. న్యాయవాదిగా నా కంటికి అంతకన్నా పెద్దగా కనిపించే మేలు రుజువు. మేస్త్రీ నోటిమాటమీద కట్టిన గోడలో సిమెంటు పాళ్లెంతో తర్వాత నిరూపించడం చాలా కష్టం. ఫ్యాక్టరీ ఇంటికి డ్రాయింగులు, తనిఖీ కాగితాలు ఉంటాయి, గోడ మూసేముందు వెళ్లి లోపలి వైర్లూ పైపులూ కళ్లారా చూడవచ్చు. ఆ తనిఖీ పూర్తయ్యాకే లారీ బయలుదేరేలా, పెద్ద వాయిదా అప్పుడే చెల్లించేలా ఒప్పందం రాయించుకోమనండి. పునాది కూడా కంపెనీయే వేయాలి, లేదా వేసిన పునాదిని సంతకంతో ఆమోదించాకే క్రేన్ రావాలి. ఈ షరతుకు ఒప్పుకోని కంపెనీకి అడ్వాన్సు ఇవ్వనివ్వకండి.