కెన్యా సఫారీకి ఏ లెన్స్ కొనాలి? ముందు టీకా కార్డు, తర్వాత సంచీ, ఆఖర్న లెన్స్

ప్రశ్న: "దసరా సెలవులకి అమలాపురం నుంచి అయిదుగురం కెన్యా వెళ్తున్నాం. మేమిద్దరం, పన్నెండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప, అరవయ్యారేళ్ళ మా అత్తగారు. కెమెరా ఉంది. మసాయి మారా అభయారణ్యంలో జంతువుల ఫొటోలకి ఏ లెన్స్ కొనమంటారు? లక్ష దాకా పెట్టగలం."

ఈ ప్రయాణంలో లెన్స్ కొనడం అంత తేలికైన పని ఇంకోటి లేదండి. ఒక పూటలో అయిపోతుంది. ఒక పూటలో అవనిది ఎల్లో ఫీవర్ టీకా. మీ ప్రశ్నలో దాని ఊసే లేదు, అందుకే ముందు అదే చెప్తాను.

కెన్యా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడినుంచి తిరిగొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ కన్నా ముందే విమానాశ్రయ ఆరోగ్యాధికారుల బల్ల ఉంటుంది. అక్కడ టీకా కార్డు చూపించాలి. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఆ జబ్బుని మోసే దోమ మన డెంగీ దోమే. మన కాలవగట్ల ఊళ్ళలో ఆ దోమ బోలెడుంది, జబ్బు మాత్రం దేశంలో లేదు. ఒక్క రోగి దిగితే చాలు. కాబట్టి ఆ బల్ల దగ్గర బతిమాలుకుంటే పనవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ టీకా కాకినాడలోనో రాజమండ్రిలోనో ఏ ప్రైవేటు ఆసుపత్రిలో పడితే అక్కడ వేయించుకుంటే చెల్లదు. కేంద్రప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. విశాఖ పోర్టు ఆరోగ్య సంస్థ, హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటివి. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందుంటుంది, మూత తీశాక కొద్ది గంటల్లో వాడేయాలి. అందుకని వారంలో కొన్ని రోజులే, ముందు పేరు రాయించుకున్నవాళ్ళకే వేస్తారు. రోజు ఖాయం చేసుకోకుండా విశాఖ బస్సెక్కకండి. వేయించుకున్న పది రోజులకి గాని కార్డు చెల్లదు. ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి నిబంధన అదే. అసలు పాస్‌పోర్టు వెంట తీసుకెళ్ళాలి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా కార్డు మీద రాయించుకోండి. మనకి ఇంటిపేరుతోనే తంటా: ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు. కార్డు చేతికిచ్చిన బల్ల దగ్గరే నిలబడి పేరు, పాస్‌పోర్టు నంబరు, సీలు, టీకా బ్యాచ్ నంబరు నాలుగూ చూసుకున్నాకే కదలండి.

ఇక మీ అత్తగారి సంగతి. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా, కోడిగుడ్డు పిండంలో పెంచుతారు. గుడ్డు బొత్తిగా పడనివాళ్ళకి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళకి వేయరు. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్ళలో తీవ్రమైన దుష్ప్రభావాలు కుర్రవాళ్ళలో కన్నా ఎక్కువ. అందుకని ముందు ఆవిడని చూసే డాక్టరుతో మాట్లాడండి, టిక్కెట్లు ఆ తర్వాత. డాక్టరు వద్దంటే మినహాయింపు పత్రం ఇస్తారు, కానీ తిరిగొచ్చేటప్పుడు ఆ పత్రం మీద ఆఖరి మాట విమానాశ్రయ ఆరోగ్యాధికారిదే. ఆవిడని ఇంట్లో వదిలి వెళ్ళడం ఇష్టం లేకపోతే దేశమే మార్చేయండి. దక్షిణాఫ్రికాలో క్రూగర్ అభయారణ్యం ఉంది. ఆ దేశం ఈ జాబితాలో లేదు. అయితే నైరోబీలోనో అడిస్ అబాబాలోనో విమానం మారకుండా వెళ్ళి రావాలి. మధ్యలో దిగి మారినా లెక్కలోకి రావచ్చు.

మలేరియా మాత్రల విషయంలో మనవాళ్ళ ధీమా చూస్తే భయమేస్తుంది. "దోమల మధ్యే పుట్టాం, మాకేం చేస్తుంది" అంటారు. అక్కడ ఉండేది ఎక్కువగా ఫాల్సిపారం, మెదడుకెక్కే రకం. పాత క్లోరోక్విన్ దానిమీద పనిచేయదు. డాక్టరు సాధారణంగా రాసేవి రెండు. అటోవాక్వోన్-ప్రోగువానిల్ అయితే వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక ఏడు రోజులు వేసుకోవాలి, భోజనంతో పాటే. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. ఎండకి ఒళ్ళు మండుతుంది, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి సాధారణంగా ఇవ్వరు. అంటే మీ పాపకి మొదటిదే, బరువుని బట్టి. ఆ మాత్ర అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు. మూడు వారాల ముందే తెప్పించమని చెప్పి ఉంచండి. ఇల్లు చేరగానే మాత్రలు మానేయడమే అందరూ చేసే తప్పు. తిరిగొచ్చిన మూడు నెలల్లోపు జ్వరం వస్తే డాక్టరు అడక్కముందే "కెన్యా వెళ్ళొచ్చాం" అని చెప్పండి. లేకపోతే మన దగ్గర ముందు డెంగీకి, టైఫాయిడ్‌కి చూస్తారు, ఈలోగా విలువైన రోజులు పోతాయి.

ఇప్పుడు సంచీ. నైరోబీ నుంచి మారాకి రోడ్డు మీద నరోక్ మీదుగా అయిదారు గంటలు. అత్తగారి నడుము కోసం చిన్న విమానంలో వెళ్దామనుకుంటే అది మీరు దిగిన పెద్ద విమానాశ్రయం నుంచి కాదు, విల్సన్ అనే ఇంకో విమానాశ్రయం నుంచి ఎగురుతుంది. అక్కడ కౌంటర్ ముందు జరిగే తంతు ఒకసారి ఊహించుకోండి. పొద్దున్న ఏడున్నర. మనిషికి పదిహేను కిలోలు. అందులో చేతిసంచీ, కెమెరా కూడా కలిసే ఉంటాయి. కాటా మీద మీ నాలుగు చక్రాల గట్టి సూట్‌కేసు పెట్టారు. ఖాళీదే నాలుగు కిలోలు, సర్దినది ఇరవై మూడు. బరువు మాట తర్వాత, పెట్టె చూడగానే తల అడ్డంగా ఊపుతారు. ఆ విమానం సెస్నా కారవాన్. సామాన్లు పొట్టకింద ఉన్న తొట్టెలో పెడతారు, దాని తలుపు చిన్నది. మెత్తటి సంచీ అయితే నొక్కి దూరుస్తారు. గట్టి పెట్టె దూరదు, దూరినా మిగతావాళ్ళ సామానుకి చోటుండదు. ఇక అక్కడే నేలమీద పెట్టె తెరిచి, వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తుండగా, చీరలేవి, చెప్పులేవి, పచ్చడి సీసాలేవి అని ఏరుకోవాలి. తీసినవి ఆ పెట్టెలోనే డబ్బు కట్టి అక్కడ వదలాలి. సీటు ఖాళీ ఉంటే ఎక్కువ బరువుకి ఇంకో టిక్కెట్టు కొనమంటారు.

అందుకని ఇంటి దగ్గరే స్ప్రింగు కాటాతో తూచండి. ఒక మనిషి లెక్క ఇలా వస్తుంది. చక్రాల్లేని గుడ్డ సంచీ ఒక కిలో, మూడు జతల బట్టలు రెండున్నర, స్వెట్టరు, గాలి చొరని జాకెట్టు, మంకీక్యాపు కలిపి ఒకటిన్నర, లోబట్టలు, రాత్రి బట్టలు ఒకటి, చెప్పులు అర, మందులు, సబ్బులు ఒకటి, బైనాక్యులర్ ముప్పావు, కెమెరా లెన్స్‌తో మూడు, చార్జర్లు, ప్లగ్గులు ముప్పావు. మొత్తం పన్నెండు కిలోలు. మిగిలిన మూడూ తిండికి. స్వెట్టరెందుకని నవ్వకండి. మారా మన సముద్రమట్టపు ఊళ్ళలాంటిది కాదు, పదిహేనువందల మీటర్ల ఎత్తు. పొద్దున్న ఆరింటికి పైకప్పు తెరిచిన జీపులో గాలి కోసేస్తుంది. మూడు జతలు చాలు, క్యాంపుల్లో ఉతుకుతారు. చాలాచోట్ల లోబట్టలు మాత్రం ఉతకరు, సబ్బుపొడి ఇస్తారు. రంగు ఖాకీ, బూడిద, మట్టిరంగు. ముదురు నీలం, నలుపు వద్దు, సెట్సీ అనే రక్తం పీల్చే ఈగ వాటిమీదే వాలుతుంది. దాన్ని పట్టే ఉచ్చులకి వాడే గుడ్డ కూడా ఆ రంగులదే. సైనికుల మచ్చల బట్టలు పిల్లలకి కూడా కొనకండి, ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో అది నేరం.

మనవాళ్ళు ఏది సర్దినా కవర్లో చుట్టి ఇంకో కవర్లో పెడతారు. కెన్యా 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ కవర్లు నిషేధించింది, 2020 జూన్ నుంచి పార్కుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా. స్టీలు సీసా, గుడ్డ సంచులు తీసుకెళ్ళండి. ఆత్రేయపురం పూతరేకులు అట్టపెట్టెలో హాయిగా వెళ్తాయి, కందిపొడి గట్టి డబ్బాలో వెళ్తుంది. ఎండు చేపలు, ఎండు రొయ్యల పొడి మాత్రం వద్దు. టెంటులో వాసన వచ్చేది ఏదున్నా కోతులు జిప్పు లాగి మరీ వస్తాయి, అక్కడి కోతులకి జిప్పు తీయడం తెలుసు. తిండి డబ్బాలు క్యాంపు వంటింట్లో ఇచ్చేయండి. డ్రోన్ వద్దు, అనుమతి లేకుండా తెస్తే నైరోబీలోనే తీసేసుకుంటారు. ప్లగ్గు మూడు బల్లపరుపు కాళ్ళది, మనది దూరదు. మార్చే ప్లగ్గులు రెండు ఇక్కడే కొనండి. పవర్‌బ్యాంకు చేతిసంచీలోనే ఉండాలి.

డబ్బు విషయంలో ఒక్క ప్రశ్న మాత్రం ఏజెంటుని కాగితం మీద అడగండి: పార్కు టిక్కెట్టు ఎన్ని రోజులకి కలిపారు? 2024 నుంచి జూలై-డిసెంబరు మధ్య మారాలో విదేశీ పెద్దవాళ్ళకి రోజుకి 200 డాలర్లు, పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే. పార్కు లోపలి క్యాంపు అయితే ఆఖరి రోజు పదింటిలోపు గేటు దాటకపోతే ఇంకో రోజు కట్టాలి. "బిగ్ ఫైవ్ గ్యారంటీ" (సింహం, చిరుత, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం అయిదూ చూపిస్తాం) అని కాగితం మీద వేసి అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఖడ్గమృగాన్ని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఆ మాట నమ్మి వెళ్ళినవాళ్ళు డ్రైవరు వెనక కూర్చుని "పోనీ, పోనీ" అని అరుస్తూ, పక్కనే పిల్లలతో ఉన్న చిరుతని దాటేస్తారు. మీరు ఎంచుకున్న నెల మాత్రం మంచిదే. వేసవి సెలవుల్లో వెళ్తే ఏప్రిల్, మే అక్కడ పెద్దవానలు. నేల మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే జీపు ఇరుసు దాకా దిగిపోతుంది. అక్టోబరులో విల్డెబీస్టు అనే పెద్ద జింకజాతి జంతువుల మందలు మామూలుగా ఇంకా మారాలోనే ఉంటాయి.

లెన్స్ కన్నా ముందు బైనాక్యులర్లు కొనండి. మనిషికొకటి, కనీసం ఇద్దరికొకటి. 8x42 రకం, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, తీసుకోండి. పన్నెండు రెట్లు, ఇరవై రెట్లు అని అమ్మేవి చేతిలో వణుకుతాయి, జీపులో అసలు నిలవవు. అయిదుగురికి ఒక్కటే ఉంటే, అది పాప చేతికి వచ్చేసరికి సింహం గడ్డిలోకి వెళ్ళిపోయి ఉంటుంది.

ఇక మీరడిగింది. 100-400 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ చాలు. 150-600 రెండు కిలోలు తూగుతుంది, అదీ ఆ పదిహేను కిలోల లెక్కలోకే వస్తుంది. మళ్ళీ వాడతారో లేదో తెలియనప్పుడు హైదరాబాదులో అద్దెకి తీసుకోండి, మిగిలిన డబ్బు బైనాక్యులర్లకి. స్టాండు వద్దు, జీపులో పనికిరాదు. దర్జీ చేత మందపాటి ఖాకీ గుడ్డతో అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు దిండుగలీబు లాంటిది కుట్టించండి, ఒక పక్క జిప్పు, కుట్లు రెండు వరసలు. లోపల ఇంకో పల్చటి గలీబు ఉండాలి, లేకపోతే గింజలు కారతాయి. ఖాళీగా తీసుకెళ్ళి, అక్కడ రెండు కిలోల బియ్యం కొని ముప్పావు వంతు నింపండి. నిండా నింపితే లెన్స్ దొర్లిపోతుంది. జీపు కప్పు అంచుమీద పెట్టి దానిమీద లెన్స్ ఆనించండి. ఇంజను ఆపమని చెప్పాకే నొక్కండి, లేకపోతే వణుకు ప్రతి ఫొటోలోనూ ఉంటుంది. దుమ్ములో లెన్స్ మార్చకండి, దగ్గరి దృశ్యాలకి ఫోను ఉంది. ప్రయాణమంతా కెమెరా మీద తడిపి పిండిన పాత లుంగీ గుడ్డ కప్పండి.

ఇంకో మాట. అద్దె లెన్స్ ఒక వారాంతం ముందే తెచ్చుకుని సాధన చేయండి. సార్వా దమ్ము జరుగుతుంటే ట్రాక్టరు వెనకాల తెల్లకొంగలు గుంపులుగా వస్తాయి కదా. మారాలో ఏనుగుల కాళ్ళ దగ్గర తిరిగేవి వాటి దగ్గర చుట్టాలే. పొద్దున్న ఆరున్నరకి గట్టు మీద గలీబు సంచీ పెట్టి, షట్టరు సెకనులో వెయ్యోవంతు, కంటిమీద ఫోకస్ పెట్టుకుని, లేచే కొంగని తీయండి. పదింటిలో ఆరింట్లో కన్ను తేటగా వస్తే మీ చెయ్యి కుదిరినట్టే. రాకపోతే మర్నాడు ఇంకో చేలోకి వెళ్ళండి, దసరాకి ఇంకా టైముంది.