ఒకే ఏటి నీళ్ళు తాగినవాళ్ళు

ప్రశ్న: ఈజిప్టు మీద టీవీలో ఏదో వస్తుంటే ఎనిమిదో తరగతి చదివే మావాడు పూర్వపు రాజు టుటాంఖామున్ చెప్పులు చూశాడు. అరికాలు ఆనేచోట చేతులు విరిచికట్టిన నూబియా మనిషి బొమ్మ ఉంది. "ఒకే ఏటి నీళ్ళు తాగేవాళ్ళే కదమ్మా, అంత పగ ఎందుకు?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: అమ్మా, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఈ ప్రశ్న నన్ను ఒక్క పిల్లాడూ అడగలేదు. మీవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని ఇది చదివి వినిపించండి.

నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఎగువన నూబియా (ఇప్పటి ఈజిప్టు దక్షిణపు కొస, సుడాన్ ఉత్తర భాగం), దిగువన ఈజిప్టు. అస్వాన్ అనే ఊరి నుంచి పైకి వెళ్ళేకొద్దీ ఏట్లో అక్కడక్కడా రాళ్ళు అడ్డం, పడవ సాగదు. నూబియా ఎడారిలో బంగారం ఉంది. ఇంకా పై నుంచి ఏనుగు దంతం, చిరుత తోళ్ళు వచ్చేవి. ఆ దారి ఎవరి చేతిలో ఉండాలన్నదే తగువు.

క్రీ.పూ. 1860 ప్రాంతంలో మూడో సెనుస్రెత్ అనే ఫరో, అంటే ఈజిప్టు రాజు, నూబియాలోని సెమ్నా దగ్గర, ఏరు బాగా ఇరుకైన చోట, కోటలు కట్టి పొలిమేర రాయి వేయించాడు. నూబియా వాళ్ళు పడవలో గానీ, కాలినడకన గానీ, పశువులతో గానీ ఇది దాటి దిగువకి రాకూడదని శాసనం. కానీ అదే రాయి మీద, ఇకెన్ అనే ఊరికి బేరానికి వచ్చేవాళ్ళనీ, కబురు తెచ్చేవాళ్ళనీ రానిచ్చి బాగా చూసుకోవాలని కూడా ఉంది. పాఠం చెప్పేటప్పుడు మనం మొదటి సగం దగ్గరే ఆగిపోతాం.

అలాగని సెనుస్రెత్‌ని మంచివాడు చెయ్యకండి. ఎనిమిదేళ్ళ తరవాత వేయించిన ఇంకో రాయి మీద వాళ్ళ ఆడవాళ్ళని ఎత్తుకొచ్చాననీ, పశువుల్ని చంపాననీ, పంట తగలబెట్టాననీ తనే గొప్పగా చెప్పుకున్నాడు. ఏటిగట్టున బతికేవాళ్ళకి ఆ మూడూ పోతే ఏం మిగులుతుంది? మీవాడు చూసిన చెప్పులు ఆ తరవాత అయిదు వందల ఏళ్ళవి. ఆ పొగరే అక్కడా కనిపిస్తుంది.

నాకు బాగా ఇష్టమైనవి మాత్రం ఆ కోటల నుంచి వెళ్ళిన ఉత్తరాలు. సెనుస్రెత్ తరవాతి రాజు కాలంలో రాసినవి, పపైరస్ (రెల్లులాంటి మొక్కతో చేసే కాగితం) మీద నకళ్ళు దొరికాయి. కోటల్లోని అధికారులు తమ దగ్గర జరిగినవన్నీ రాసి పంపేవాళ్ళు. నూబియా వాళ్ళు కొందరు సరుకు తెచ్చారు, బేరం అయింది, రొట్టె, బీరు ఇచ్చాం, వచ్చిన చోటికే వెళ్ళారు అని ఒకటి. ముప్ఫై ఇద్దరు మనుషులవీ మూడు గాడిదలవీ అడుగుజాడలు కనిపించాయని ఇంకొకటి. మరోసారి ఎడారిలో తిరిగే మెజాయ్ అనే తెగవాళ్ళు కొందరు, ఆడా మగా, కొలువులో పని చేస్తామని దిగి వచ్చారు. ఎడారిలో ఎలా ఉందని అడిగితే "ఎడారి ఆకలితో చచ్చిపోతోంది" అన్నారట. అదే రోజు వాళ్ళని వెనక్కి పంపేశారు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా పుస్తకం కాసేపు పక్కన పెట్టేస్తాను.

అదే సెమ్నాలో కొండరాళ్ళ మీద గీతలున్నాయి. ఫలానా ఏడు నైలు ఇంతవరకూ వచ్చిందని గీత గీసి, పక్కన రాజు పేరు చెక్కారు. మాది గౌతమి పక్కన లంక. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆవునీ దూడనీ పడవెక్కించి గట్టుకి చేరాం. అంతకుముందు రెండు రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, ఫోన్ మోగితే "ఎన్ని అడుగులు?" అనే. ఎగువన ఏరు పెరిగితే దిగువ వాళ్ళకి పట్టే టెన్షన్ నాకు తెలుసు. ఆ రాళ్ళ దగ్గర నిలబడి కొలత చూసిన మనిషి శత్రుదేశపు కాపలాదారుగా కాదు, మన లాకుల దగ్గర మనిషిలాగే నా కళ్ళకి కనిపిస్తాడు.

ఇక మీవాడికి తప్పకుండా చెప్పాల్సింది ఒకటుంది. నూబియా వాళ్ళు ఎప్పుడూ కింద పడి ఉన్నవాళ్ళు కారు. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలో వాళ్ళ రాజు పియె ఏటి వెంట దిగువకి వచ్చి ఈజిప్టుని గెలిచాడు. ఆ వంశంవాడే తహర్కా, క్రీ.పూ. 690లో ఫరో అయ్యాడు. తన ఏలుబడి ఆరో ఏట నైలుకి గొప్ప వరద వచ్చిందనీ, నూబియాలో వానలు పడి కొండలు మెరిశాయనీ శాసనం వేయించాడు. అందులోనే తన తల్లి గురించీ రాయించాడు. ఇరవై ఏళ్ళ వయసులో ఆమెని వదిలి ఉత్తరానికి వచ్చాడు. ఎన్నో ఏళ్ళ తరవాత కొడుకుని చూసుకోవడానికి ఆమె నూబియా నుంచి, ఒకప్పుడు వాళ్ళ పడవ దాటకూడదన్న పొలిమేర దాటి, దిగువకి వచ్చింది. వచ్చేసరికి కొడుకు ఈజిప్టు సింహాసనం మీద ఉన్నాడు.