బెంజ్ స్పార్క్ ప్లగ్‌లు ఇంట్లోనే మార్చుకుంటే మిగిలేదెంత?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 2016 మోడల్ బెంజ్ సీ200 పెట్రోల్ కారు కొన్నాను. ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగుతాను. స్పార్క్ ప్లగ్‌లు మార్చాలని, రూ.19,500 అవుతుందని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. బయట నాలుగు ప్లగ్‌లు రూ.7,600కే వస్తున్నాయి. టార్క్ రెంచ్, సాకెట్లకు ఇంకో రూ.4,500. వీడియోలు చూసి నేనే మార్చుకుని, మిగిలిన డబ్బు సిప్‌లో వేద్దామనుకుంటున్నాను. పోయినేడాది టైర్లు, బ్రేకులకు వాడిన క్రెడిట్ కార్డు బాకీ రూ.60 వేలు ఉంది, ప్రతి నెలా మినిమమ్ కడుతున్నాను. రూ.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇది మంచి ఆలోచనేనా?

జవాబు: మీ లెక్క ప్రకారం మిగిలేది రూ.7,400. కానీ మీరు చూడని దారి ఒకటుంది. ఇలాంటి కార్లే చూసే బయటి గ్యారేజీకి వెళ్లి, మీరు కొన్న ప్లగ్‌లే బిగించమనండి. కూలీ రూ.2,000 అనుకున్నా రూ.9,900 మిగులుతుంది, చేతికి మసి కూడా అంటదు. పనిముట్లు ఉంటే మళ్లీ పనికొస్తాయి కదా అంటారేమో. ఇరిడియం ప్లగ్‌లు 60 వేల కిలోమీటర్ల దాకా వస్తాయనుకుందాం. మీ వాడకానికి అంటే ఆరేళ్ల పైమాటే. అప్పటికి 15 ఏళ్ల ఆర్‌సీ గడువు కూడా ముగుస్తుంది. ఆ రెంచ్‌ను రెండోసారి ఇదే కారు మీద వాడతారని నేనైతే పందెం కాయను.

సరదా కోసం చేస్తానంటే అడ్డు చెప్పను. కొందరికి ఆదివారం బానెట్ ఎత్తితే వచ్చే ఆనందమే వేరు. అప్పుడు ఆ రూ.4,500ని పొదుపు ఖాతాలో కాక వినోదం ఖర్చులో రాసుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. సిలిండర్ హెడ్ అల్యూమినియంది, వేడి మీద ప్లగ్ విప్పితే, అది బిగిసే రంధ్రంలోని మరలు అరిగిపోవచ్చు. ప్లగ్ మీద ఉండే కాయిల్ (ప్లగ్‌కు కరెంటు ఇచ్చే భాగం) తీశాక ఆ గుంతలోని దుమ్మును గాలితో ఊది, ఆ తర్వాతే ప్లగ్ విప్పండి. కొత్తది ముందు చేత్తో తిప్పి, చివర్లో మాత్రమే రెంచ్ పెట్టండి. టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలో, మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్నదే పాటించాలి, వీడియోలో చెప్పింది కాదు. ఇక చవకగా దొరికే ప్లగ్‌లలో నకిలీలు ఎక్కువ. బిల్లు ఇచ్చే దుకాణంలోనే, మీ ఇంజన్‌కు చెప్పిన నంబరు చూసి కొనండి.

మరలు పోతే ఎంత ఖర్చవుతుందో ఇప్పుడే చెప్పలేం కానీ, మిగిలిందనుకున్న రూ.7,400 దానికి ఏ మూలకూ చాలదు. బీమా ఉంది కదా అనుకోకండి. కాంప్రహెన్సివ్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు క్లెయిమ్ రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకున్నా అది ప్రధానంగా నీళ్లు చేరడం, ఆయిల్ కారడం లాంటి వాటికే. కారు కొన్నప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఏదైనా తీసుకుని ఉంటే, బయట పని చేయించే ముందు కూడా దాని షరతులు ఒకసారి చదవండి.

ఇంతకీ మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ప్లగ్‌లు కాదు, చివర్లో మామూలుగా చెప్పేసిన ఆ కార్డు బాకీ. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే రూ.60 వేల మీద రూ.2,100. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.378. మొత్తం రూ.2,478. అంటే ఇంజన్ దగ్గర చెమటోడ్చి మీరు మిగిల్చేదాన్ని కార్డు మూడు నెలల్లో మింగేస్తుంది. పైగా మినిమమ్ మాత్రమే కడుతున్నప్పుడు కొత్తగా కొన్నవాటికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి ప్లగ్‌లు ఆ కార్డు మీద అస్సలు కొనకండి.

ఎఫ్‌డీ కదపకూడదన్న పట్టుదల చాలామంది ఇళ్లలో చూస్తుంటాను. 7 శాతం వస్తోందనుకున్నా, రూ.60 వేల మీద నెలకు వచ్చేది రూ.350. ఆ 350 కోసం 2,478 కట్టడం ఏం లెక్క? ఈ వారమే ఎఫ్‌డీ తీసి బాకీ మొత్తం కట్టేయండి. గడువుకు ముందు తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, పడనివ్వండి. మిగతా డబ్బు మళ్లీ డిపాజిట్ చేయండి, అది మీ అత్యవసర నిధి. పాక్షికంగా తీసుకునే వీలుందేమో ముందు బ్యాంకులో అడగండి.

సిప్ ఆలోచన మంచిదే, కానీ బాకీ తీరాక. అంతకంటే ముందు కారు కోసం ఒక ఆర్‌డీ (నెలనెలా వేసే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. గత రెండేళ్ల బీమా, సర్వీస్, టైర్లు, బ్రేకుల బిల్లులన్నీ కలిపి 24తో భాగిస్తే నెలకు ఎంత వేయాలో తెలుస్తుంది. రెండేళ్లలో రూ.1.8 లక్షలైతే నెలకు రూ.7,500. ఆ అంకె చూసి గుండె గుభేల్‌మంటే, కారు అమ్మే విషయం ఇంట్లో మాట్లాడండి. సెకండ్ హ్యాండ్‌లో బెంజ్ ధర తగ్గుతుంది కానీ, దాని విడిభాగాలు బెంజ్ ధరకే వస్తాయి.

ప్లగ్‌ల పని మాత్రం వాయిదా వేయొద్దు. మిస్‌ఫైర్ (ఇంజన్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) మొదలైతే కాలని పెట్రోల్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, దాని ధర ముందు ఈ 19,500 లెక్కలోకే రాదు. బాకీ తీర్చిన వారంలోనే గ్యారేజీకి వెళ్లండి. పాత ప్లగ్‌లు నాలుగూ తిరిగి అడిగి తీసుకోండి, బిల్లు మీద కిలోమీటర్ల రీడింగ్ రాయించుకోండి.