సి భాషలో పార్సర్ కట్టే ట్రీ: నోడ్ నోడ్‌కీ ఫ్రీ రాయాలా, అంతా ఒకేసారి వదిలేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు సిలో ఒక కాన్ఫిగ్ ఫైల్ పార్సర్ రాశారు. చదివిన ఫైల్‌ని అది ట్రీగా కడుతుంది. ప్రతి నోడ్‌కీ ఒక మాలాక్ (మెమరీ అడిగే ఫంక్షన్), ప్రతి స్ట్రింగ్‌కీ ఒక స్ట్ర్‌డప్ (స్ట్రింగ్‌కి కాపీ తీసేది). మధ్యలో సింటాక్స్ ఎర్రర్ తగిలితే, అప్పటిదాకా కట్టిన సగం ట్రీని వదిలించుకోవడానికి ప్రతి ఫంక్షన్‌లోనూ గోటూ లేబుళ్లు పెట్టాల్సి వస్తోంది. అయినా మెమరీ తప్పులు వెతికే వాల్‌గ్రైండ్ లీకులు (ఫ్రీ చేయకుండా మిగిలిపోయిన మెమరీ) చూపిస్తూనే ఉంది. అరీనా (ముక్కలన్నీ ఒకే పెద్ద చోటు నుంచి ఇచ్చి, అంతా ఒకేసారి వదిలేసే పద్ధతి) వాడాలా, టాలాక్ లాంటి మెమరీ లైబ్రరీ తెచ్చుకోవాలా అని అడిగారు. మీ థ్రెడ్ల సర్వర్ నడుస్తుండగా కాన్ఫిగ్ రీలోడ్ చేయడం గురించి కూడా అడిగారు.

మీ పార్సర్ వరకు అయితే అరీనాయే సరైనది. కానీ అది ఎందుకు సరిపోతుందో తెలుసుకుని వాడితేనే మేలు, లేకపోతే లీకులు పోయి వాటి స్థానంలో ఇంకో తలనొప్పి వస్తుంది. నేను పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఎక్స్‌టెన్షన్ల మీద పని చేస్తాను. అక్కడ మాలాక్, ఫ్రీ నేరుగా పిలవడం చాలా అరుదు, అంతా మెమరీ కాంటెక్స్టుల మీదే నడుస్తుంది, అంటే ఒకేసారి ఖాళీ చేయగల అరీనాల లాంటివి. కింద రాసేదంతా ఎక్కువగా ఆ పనిలో చూసినదే.

ముందు ఒక విషయం విడదీసి చూడండి. మీ కోడ్‌లో ఉన్నది ఒక ట్రీ కాదు, రెండు. ఒకటి డేటా ట్రీ: ఏ సెక్షన్ కింద ఏ సెట్టింగ్ ఉందో చెప్పేది. రెండోది ఆయుష్షు ట్రీ: ఏది పోతే దాంతోపాటు ఏవేవి పోవాలో చెప్పేది. మాలాక్‌కి ఈ రెండోదాని గురించి ఏమీ తెలియదు. అందుకే చాలామంది మొదటిదాన్నే రెండోది అనుకుని, తల్లి నోడ్ నుంచి పిల్ల నోడ్లలోకి రికర్సివ్‌గా దిగుతూ ఫ్రీ చేస్తారు. కానీ మీ కాన్ఫిగ్ ట్రీలో ఏ నోడూ ఒంటరిగా పోదు. చదవడం అయ్యాక అది మారదు, పోయినప్పుడు మొత్తం పోతుంది. డేటా ట్రీ ఎంత లోతుగా ఉన్నా, ఆయుష్షు ట్రీలో అది ఒకే ఒక్క నోడ్. ఆ ఒక్క నోడే మీ అరీనా.

అరీనా రాయడం పెద్ద పని కాదు. ఒక పెద్ద బ్లాక్ తీసుకోండి, ఎంతవరకు వాడారో చూపే పాయింటర్ ఒకటి ఉంచుకోండి. అడిగిన సైజుని 16 బైట్ల గుణిజానికి పెంచి, పాయింటర్‌ని అంత ముందుకు జరిపి ఇచ్చేయండి. సైజు పెంచేటప్పుడు ఓవర్‌ఫ్లో చెక్ మర్చిపోవద్దు. చోటు చాలకపోతే ఇంకో బ్లాక్ తీసుకుని గొలుసులో కలపండి. ఫ్రీ అంటే ఆ గొలుసు వెంట నడిచి బ్లాకుల్ని వదిలేయడమే, నోడ్లను ముట్టుకోనక్కర్లేదు. దీనివల్ల ఇంకో మేలుంది. ఎవరైనా లక్షల కొద్దీ బ్రాకెట్లు ఒకదాంట్లో ఒకటి ఉన్న ఫైల్ ఇస్తే, రికర్సివ్ ఫ్రీ స్టాక్‌ని పగలగొట్టగలదు. లైనక్స్‌లో మెయిన్ థ్రెడ్‌కి మామూలుగా దొరికేది 8 ఎంబీ స్టాకే. అరీనాలో ఆ రికర్షనే ఉండదు. మీ పార్సర్ కూడా రికర్సివే అయితే దాని లోతుకి మాత్రం విడిగా ఒక హద్దు పెట్టాలి.

ఇప్పుడు మిమ్మల్ని బాగా విసిగిస్తున్న ఎర్రర్ల సంగతి. పోస్ట్‌గ్రెస్‌లో మెమరీ అడిగే ఫంక్షన్ పేరు పీ-అలాక్. అది నల్ ఇవ్వదు. మెమరీ దొరక్కపోతే ఎర్రర్ విసురుతుంది, ఆ ఎర్రర్ లాంగ్‌జంప్ మీద నడుస్తుంది, అంటే ముందే సెట్‌జంప్‌తో గుర్తు పెట్టిన చోటికి ఒక్కసారిగా తిరిగి దూకే ఫంక్షన్ మీద. ఎక్కడో లోతైన ఫంక్షన్‌లో ఎర్రర్ వస్తే కంట్రోల్ నేరుగా పైకి దూకేస్తుంది, మధ్యలోని ఫంక్షన్లలో రాసుకున్న ఫ్రీ లైన్లు ఒక్కటీ నడవవు. అయినా లీక్ కాదు, ఎందుకంటే ఆ ముక్కలన్నీ ఏదో ఒక కాంటెక్స్ట్‌లో ఉంటాయి, పైనున్నవాడు ఆ కాంటెక్స్ట్‌ని రీసెట్ చేస్తాడు. మెమరీ అయిపోయిన స్థితిలో కూడా ఎర్రర్ మెసేజ్ తయారు చేయగలగాలని, ఎర్రర్ కాంటెక్స్ట్ అని ఒకదాన్ని ముందే కొంత మెమరీతో సిద్ధంగా ఉంచుతారు. ఈ ముందుచూపు నాకు చాలా ఇష్టం.

మీరూ ఇదే చేయొచ్చు. పార్సర్‌ని పిలిచే ఫంక్షన్‌లో అరీనా సృష్టించి, ఆ తర్వాత సెట్‌జంప్ పెట్టండి. లోపల ఎక్కడ తప్పు దొరికినా లాంగ్‌జంప్, పైన అరీనాని వదిలేయడం, అంతే. గోటూలన్నీ తీసేయొచ్చు. ఒక్క జాగ్రత్త: సెట్‌జంప్ తర్వాత మార్చిన లోకల్ వేరియబుల్ విలువని, అది వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే గుర్తు) కాకపోతే, తిరిగి వచ్చాక నమ్మకూడదు. అరీనా పాయింటర్‌ని సెట్‌జంప్‌కి ముందే నింపమంటున్నది అందుకే.

ఒక్క అరీనాతో ఆగకండి, రెండు పెట్టుకోండి. సబ్‌వర్షన్ అనే వర్షన్ కంట్రోల్ టూల్ సోర్స్ చదివితే చాలా ఫంక్షన్లు రెండు పూల్స్ (అక్కడ అరీనాలకు పేరు అదే) తీసుకోవడం కనిపిస్తుంది: ఒకటి రిజల్ట్ పూల్, ఇంకోటి స్క్రాచ్ పూల్. పిలిచినవాడికి అందాల్సింది మొదటిదాంట్లోకి, దారిలో వాడి పారేసేది రెండోదాంట్లోకి. మీ కేసులో నోడ్లు, వాటి పేర్లు, విలువలు రిజల్ట్‌లో ఉండాలి. టోకెన్ల బఫర్లు, ఎస్కేప్‌లు విప్పడానికి వాడే తాత్కాలిక స్ట్రింగులు స్క్రాచ్‌లో ఉండాలి. ఫంక్షన్ పేరామీటర్లు చూస్తేనే ఏది ఎంతకాలం బతుకుతుందో తెలిసిపోతుంది, దానికోసం వేరే కామెంట్ అక్కర్లేదు. లూప్ ఉంటే దానికో చిన్న పూల్ పెట్టి, ప్రతి చుట్టు మొదట్లో ఖాళీ చేస్తారు.

ఈ విభజన లేకపోతే ఏమవుతుందో చూపించే కేసు ఒకటి మా టీమ్‌కి వచ్చింది. వేరేవాళ్లు రాసిన ఎక్స్‌టెన్షన్‌లో, ప్రతి రో లోని టెక్స్ట్‌ని ట్రీగా కట్టి ఒక విలువ తీసే ఫంక్షన్ ఉంది. చిన్న టేబుల్స్ మీద బాగానే నడిచేది. పెద్ద టేబుల్ మీద క్వెరీ సాగే కొద్దీ మెమరీ పెరిగిపోయేది, క్వెరీ అయిపోగానే మళ్లీ మామూలే. వాల్‌గ్రైండ్ దృష్టిలో అది లీకే కాదు, చివరికి అంతా ఫ్రీ అవుతోంది కదా. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి, నడుస్తున్న బ్యాకెండ్‌ని (ఒక కనెక్షన్‌కి పనిచేసే ప్రాసెస్‌ని) తన మెమరీ కాంటెక్స్టుల లెక్క లాగ్‌లో రాయమని అడగొచ్చు. అడిగితే కారణం నేరుగా కనిపించింది: రో రోకీ ఖాళీ అయ్యే ఎక్స్‌ప్రెషన్ కాంటెక్స్ట్ చిన్నగానే ఉంది, క్వెరీ మొత్తం బతికే ఎగ్జిక్యూటర్ స్టేట్ ఉబ్బిపోయి ఉంది. ఆ ఫంక్షన్‌లో ఏదో క్యాష్ కోసం క్వెరీ స్థాయి కాంటెక్స్ట్‌కి మారి, మళ్లీ పాతదానికి తిరిగి రాకుండానే ట్రీ కట్టడం మొదలుపెట్టారు. వెనక్కి మారే లైన్ ఒకటి చేర్చితే సమస్య తీరిపోయింది. అరీనాతో వచ్చే లీకులు ఇలాగే ఉంటాయి: ముక్క పోయిందని కాదు, ఉండాల్సిన దానికన్నా పైమెట్టు మీద కూర్చుందని. అందుకే మీ అరీనాలకు పేర్లు పెట్టండి, ఏది ఎంత పట్టుకుందో అడిగితే ప్రింట్ చేసే ఫంక్షన్ మొదటిరోజే రాసుకోండి.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా ప్రమాదం. తక్కువకాలం బతికే వస్తువు ఎక్కువకాలం బతికేదాన్ని చూపిస్తే ఏ ఇబ్బందీ లేదు. ఎక్కువకాలం బతికేది తక్కువకాలం బతికేదాన్ని చూపించిందా, స్క్రాచ్ ఖాళీ అయిన క్షణం నుంచి అది చచ్చిన పాయింటర్. నోడ్‌లో పేరు పెట్టేటప్పుడు టోకెన్ బఫర్‌లోకే పాయింటర్ పెట్టేయడం దీనికి మామూలు రూపం. కోడ్ రివ్యూలో నేను మొదట వెతికేది ఈ బాణం దిశనే. ఒక చిక్కేమిటంటే, అరీనా లోపల జరిగే ఇలాంటి తప్పుని అడ్రస్ శానిటైజర్ (తప్పు మెమరీ వాడకాన్ని నడిచేటప్పుడే పట్టే టూల్) మామూలుగా పట్టుకోలేదు, బ్లాక్ మొత్తం దాని దృష్టిలో సజీవంగానే ఉంటుంది. కాబట్టి డీబగ్ బిల్డ్‌లో అరీనా ప్రతి ముక్కనీ విడి మాలాక్‌తో తీసుకునేలా ఒక స్విచ్ పెట్టండి. కనీసం ఖాళీ చేసేటప్పుడు ఆ చోటంతా ఏదో ఒక గుర్తు బైట్‌తో నింపండి. పోస్ట్‌గ్రెస్ డీబగ్ బిల్డులు 0 ఎక్స్ 7 ఎఫ్‌తో నింపుతాయి, క్రాష్ డంప్‌లో ఆ వరుస కనిపిస్తే సంగతి వెంటనే తెలిసిపోతుంది.

టాలాక్ ఎప్పుడు? శాంబా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ కోసం ఆండ్రూ ట్రిజెల్ రాసిన లైబ్రరీ అది. అందులో ప్రతి ముక్కా ఇంకో ముక్కకి తల్లి కాగలదు, తల్లిని ఫ్రీ చేస్తే కింద ఉన్నవన్నీ పోతాయి. డేటా ట్రీ, ఆయుష్షు ట్రీ నిజంగానే ఒకటైనప్పుడు అది అద్భుతంగా పనిచేస్తుంది: ఎడిటర్‌లో తెరిచిన డాక్యుమెంట్ లాగా, కొమ్మల్ని విడివిడిగా నరకాల్సినప్పుడు, ఒక కొమ్మని వేరే తల్లి కిందకు మార్చాల్సినప్పుడు. ఆ మార్పుకి టాలాక్ స్టీల్ అనే ఫంక్షన్ ఉంది. బదులుగా ప్రతి ముక్క ముందూ తల్లి, పిల్ల, తోబుట్టువుల పాయింటర్లు, సైజు, పేరు మోసే హెడర్ ఉంటుంది. చిన్న నోడ్లు లక్షల్లో ఉంటే నోడ్ కన్నా హెడరే పెద్దదవుతుంది. ఒక ముక్కకి ఇంకో తల్లిని చేర్చే టాలాక్ రిఫరెన్స్ జోలికి మాత్రం వెళ్లకండి, ఒక ముక్కకి ఇద్దరు తల్లులయ్యాక ఎవరు ఎప్పుడు వదులుతున్నారో చదివి చెప్పడం కష్టం. మీ కాన్ఫిగ్ ట్రీకి ఇదంతా అనవసరం.

ఫైళ్లు, సాకెట్లు ట్రీలో ఉంటే అరీనా వాటిని మూయదు. అపాచీ వెబ్ సర్వర్ వాడే పూల్స్‌లో క్లీనప్ ఫంక్షన్ రిజిస్టర్ చేయొచ్చు, టాలాక్‌లో డిస్ట్రక్టర్ ఉంది. మీ అరీనాకీ ఒక కాల్‌బ్యాక్ లిస్ట్ తగిలిస్తే చాలు.

ఇక రీలోడ్. ఉన్న ట్రీని మార్చకండి. కొత్త అరీనాలో కొత్త ట్రీ పూర్తిగా కట్టండి. ఎర్రర్ వస్తే కొత్తదాన్ని పారేయండి, సర్వర్ పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తుంది. సరిగ్గా వస్తే గ్లోబల్ పాయింటర్‌ని అటామిక్‌గా మార్చండి. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ కూడా రీలోడ్‌లో కొత్త పూల్ మీద కొత్త కాన్ఫిగ్ కడుతుంది, పాత వర్కర్లు చేతిలో ఉన్న పని ముగించి తప్పుకుంటాయి. మీది థ్రెడ్ల సర్వర్ కాబట్టి, పాత ట్రీని చదువుతున్న థ్రెడ్లు ఉంటాయి. నోడ్ నోడ్‌కీ రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారో చెప్పే లెక్క) వద్దు, అరీనా మొత్తానికి ఒకటి చాలు. కాకపోతే పాయింటర్ చదవడం, కౌంట్ పెంచడం రెండూ కలిపి ఒక మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలే తాళం) కింద చేయండి, పాయింటర్ మార్చేటప్పుడూ అదే మ్యూటెక్స్ పట్టుకోండి. లేదంటే ఆ రెండింటి మధ్యలో పాత అరీనా పోయే సందు మిగిలిపోతుంది.